బయటి కక్ష్యలో పిల్ల

దుర్గవ్వను ఒప్పించడానికి చాయ్ చల్లారేంత సేపు కూడా పట్టలేదు.

ఆమె స్టాఫ్‌రూమ్ గడప దగ్గరే నిలబడింది. లోపలికొచ్చి కూర్చోమంటే "వద్దు మేడం, డ్యూటీ బట్టలు, కుర్చీ ఖరాబైతది" అంది. విమానాశ్రయంలో ఊడ్చేవాళ్ళకు కాంట్రాక్టరు ఇచ్చే ఆకుపచ్చ కోటు అది, చీర మీద వేసుకుని అట్లాగే వచ్చేసింది. కెమిస్ట్రీ మేడం డోర్కాస్ అందించిన చాయ్ గ్లాసు మాత్రం తీసుకుంది. తీసుకుని తాగకుండా, రెండు చేతులా పట్టుకుని, ఏం వినాల్సి వస్తుందోనని డోర్కాస్ మొహంలోకే చూస్తూ నిలబడింది.

"అండాలు మంచి పిల్లనే దుర్గవ్వా," డోర్కాస్ మొదలుపెట్టింది. "గని సమ్మెల పాఠాలన్నీ పోయినయ్. మొన్నటి టెస్టుల మార్కులు తక్కువొచ్చినయ్. గిప్పుడు పరీక్షకు కూసుంటే ఎట్లయితదో. ఈ ఏడు ఇడిచిపెట్టి వచ్చే ఏడు మంచిగ రాయిద్దాం."

"ఫెయిలయితదా మేడం?"

"అయితదనే అనిపిస్తుంది."

దుర్గవ్వ కాసేపు గ్లాసులోకి చూసింది. "చదువు చెప్పెటోళ్ళు మీరు. మీకన్న నాకెరుకనా? గట్లనే కానియ్యండి."

అంతే. డోర్కాస్ సిద్ధం చేసుకొచ్చిన మిగతా మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి. ఏడుపూ, వాదనా, బతిమాలుకోవడమూ లేకుండా పని అయిపోయింది. ఆమెకు సిగ్గేసింది. కానీ సిగ్గు కంటే ముందు ప్రాణానికి హాయిగా అనిపించింది. ఆ హాయి సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు.

శంషాబాదులో, బెంగళూరు రోడ్డు మీద, కింద హార్డ్‌వేర్ దుకాణాలూ పైన తరగతి గదులూ ఉన్న ఆ ఆడపిల్లల జూనియర్ కాలేజీలో దీనికొక పద్ధతి ఉంది. ఎవర్నీ పరీక్ష రాయొద్దని అనరు. అంటే గొడవలవుతాయి. ఇంటివాళ్ళు నమ్మే టీచరు చేత మెత్తగా చెప్పిస్తారు. వాళ్ళు సరేనంటే ఆ పిల్ల పరీక్ష ఫీజు బోర్డుకు వెళ్ళదు. పిల్ల తప్పిందన్న మాట రాదు, కాలేజీ ఉత్తీర్ణత తగ్గదు, రోడ్డు మీద కట్టే ఫ్లెక్సీ కళ తగ్గదు. ప్రిన్సిపాల్ హరిప్రసాద్ గారు దీన్ని 'పక్కన పెట్టడం' అంటారు, మిగిలిన కూరను పక్కన పెట్టినంత సహజంగా. పక్కన పెట్టిన పిల్ల మరుసటి ఏడు తిరిగొచ్చి రాయడం డోర్కాస్ ఇంతవరకూ చూడలేదు.

ఆ ఏడు, 2011లో, పక్కన పెట్టడానికి సాకు వెతుక్కోవలసిన పని కూడా లేకపోయింది. సకల జనుల సమ్మెలో మూతబడ్డ కాలేజీలు అక్టోబరు చివరికి గానీ గాడిలో పడలేదు. పోయిన పాఠాలు కూడగట్టడానికి ఆదివారాలు పోయాయి, రెండో శనివారాలు పోయాయి. డోర్కాస్ చర్చి మొహం చూసి నెల దాటింది. గొంతు బొంగురుపోయి, సాయంత్రం జల్‌పల్లిలో ఇల్లు చేరేసరికి మాట బయటికి రావడం లేదు. ఎయిర్‌పోర్టు స్టాఫ్ బస్సు నడిపే ఆమె భర్త కాలేబు "నీతోని సైగలతోనే కాపురం చెయ్యాల్నా ఏంది" అని ఎగతాళి చేసేవాడు.

దుర్గవ్వ వెళ్ళి తరగతి తలుపు దగ్గర నిలబడి కూతుర్ని పిలిచింది. అండాలు చివరి బెంచీలో, తలుపు పక్కన కూర్చునే పిల్ల. ముసలి పేరు పెట్టారని మిగతావాళ్ళు ఏడిపిస్తే, "మా నాయనమ్మది, మీకేం తక్లీఫు" అని నవ్వేది. సమ్మె రోజుల్లో దుప్పట్లు ఉతికే షెడ్డులో పనికి కుదిరింది. సమ్మె అయిపోయాక కూడా పొద్దున అక్కడ కాసేపు చేసి, రెండో పీరియడుకు పరిగెత్తుకొచ్చేది. తల్లి చెవిలో చెప్పిన మాట విని సంచి సర్దుకుంది.

"పోయొస్త మేడం," అంది, వరండాలో ఎదురైన డోర్కాస్‌తో.

డోర్కాస్ ఆ పిల్ల భుజం తట్టి తరగతిలోకి వెళ్ళింది. పాఠం అయనీకరణ శక్తి. జులైలో అయిపోవలసింది, బందుల మూలాన నవంబరుకు జారింది. బోర్డు మీద మెగ్నీషియం పరమాణువు గీసింది: మధ్యలో కేంద్రకం, చుట్టూ మూడు కక్ష్యలు, బయటి కక్ష్యలో రెండు చుక్కలు.

"గీ చుక్కలే ఎలక్ట్రాన్లు. వీటిని పరమాణువు నుంచి ఒక్కొక్కటే పీకుతున్నమనుకోండి. మొదటిదాన్ని పీకెటందుకు కొంత శక్తి పెట్టాలె. రెండోదానికి? ఎక్కువ పెట్టాలె. ఎందుకు? ఒకటి పోయింది. కేంద్రకం బలం మాత్రం తగ్గలే. గదే బలంతోని మిగిలినవాటిని ఇంకింత దగ్గరికి గుంజుకుంటది."

పైనుంచి విమానం వెళ్ళింది. సుద్దముక్క గాల్లోనే ఆపి, మోత తగ్గేదాకా నిలబడింది. ఆ కాలేజీలో పాఠం చెప్పే అందరికీ అది అలవాటే.

"ఇగ మూడోది. బయటి కక్ష్యల ఉన్న రెండూ పోయినయ్. మూడోది లోపలి కక్ష్య నుంచి రావాలె. దానికి రెండోదానికి పెట్టినదానికన్న అయిదు రెట్లు మించి పెట్టాలె. గందుకే మెగ్నీషియం మామూలుగ రెండే ఇస్తది. మూడోది ఇయ్యదు."

రెండో బెంచీలోంచి కవిత లేచింది. కూరగాయలు పండించే రాములు కూతురు. మార్కులు రావు గానీ అడగడం మానదు. "మేడం, మరి మొదటిది దానంతటదే పోతదా?"

మళ్ళీ విమానం. డోర్కాస్‌కు కాళ్ళు లాగుతున్నాయి, గొంతులో సుద్దపొడి. మోత పూర్తిగా తగ్గకముందే అనేసింది: "ఔ, బయటిది గద. దానంతటదే పోతది. రాసుకోండి."

పిల్లలంతా తలలు వంచి రాసుకున్నారు.

*

మల్లేశ్వర్ దగ్గర పని అంత సులువుగా తేలలేదు. అతను ఆరాంఘర్ నుంచి శంషాబాదుకు ఆటో నడుపుతాడు. ప్రిన్సిపాల్ పక్కన పెట్టమన్నవాళ్ళలో రెండో పేరు అతని కూతురు సునీతది.

"ఏంది మేడం, పరీక్ష మార్చిల. ఫెయిలయితదని గిప్పుడే మీకెట్ల తెల్సు? జాతకం చూసిండ్రా?" అని స్టాఫ్‌రూమ్ అదిరేలా అడిగాడు. ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ విప్పుకుంటూ అరిచాడు. డోర్కాస్ చెప్పింది వినకుండానే మెట్లు దిగి పోయాడు. మర్నాడు బావమరిదిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఈసారి హరిప్రసాద్ గారే గదిలోకి పిలిపించుకుని కూర్చోబెట్టారు.

"చూడండి మల్లేశ్వర్ గారూ, అమ్మాయి భవిష్యత్తును దృష్టిలో పెట్టుకునే చెబుతున్నామండీ. ఒకసారి ఫెయిలైతే ఆ మచ్చ జీవితాంతం ఉండిపోతుంది. ఒక సంవత్సరం ఆగితే పునాది గట్టిపడుతుంది."

"సార్, మీ మాటలు రేడియోల వార్తలు విన్నట్టున్నయ్," అన్నాడు మల్లేశ్వర్. "జర మన భాషల చెప్పుండ్రి."

హరిప్రసాద్ గారు డోర్కాస్ వైపు చూశారు. ఆయన చెడ్డమనిషేమీ కాదు. కాలేజీ యజమానికి జవాబు చెప్పుకోవలసిన మనిషి, రక్తపోటు మాత్రలు సొరుగులో పెట్టుకుని బతికే మనిషి. కానీ ఆ చూపులో, ఇది మీ పనే కదా అన్న ధీమా ఉంది.

"అన్నా," అంది డోర్కాస్, "నేను చెప్తున్న ఇను. పోరి మీద కోపంతోని కాదు. జర సోచాయించు."

"మీరు గూడ గదే అంటున్నరా మేడం?"

"ఔ అన్నా."

మల్లేశ్వర్, బావమరిది ఏదో అనబోతే చెయ్యి పట్టి ఆపాడు. కింద ఆటో స్టార్ట్ చేసే ముందు చాలాసేపు హ్యాండిల్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. తరగతిలో సునీత మాత్రం బెంచీ మీద తలపెట్టి అందరికీ వినబడేలా ఏడ్చింది. నలుగురు పిల్లలు ఆమెతో పాటు మెట్ల దాకా వెళ్ళారు. ఆ మధ్యాహ్నం డోర్కాస్ టిఫిన్ డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టేసింది.

ఆ తర్వాత తరగతి మారిపోయింది. ఎవరు చెప్పారో ఏమో, చివరి బెంచీని గోడవారగా లాగేసి, దానిమీది వాళ్ళంతా ముందు బెంచీల్లో ఇరుక్కుని కూర్చున్నారు. ముగ్గురు కూర్చునే బెంచీలో అయిదుగురు. పాఠ్యపుస్తకం లేని పిల్లకు పక్కపిల్ల పుస్తకం మధ్యలోకి జరిగింది. అన్నం తినే వేళ కూడా ఒకళ్ళనొకళ్ళు ప్రశ్నలడుక్కుంటున్నారు. ఎప్పుడూ లేనిది, కవిత తెల్లవారుజామునే లేచి చదువుతోందని వాళ్ళ వాడపిల్లలు చెప్పుకున్నారు. డోర్కాస్ లోపలికి రాగానే అంతా గప్‌చుప్. వాళ్ళ కళ్ళల్లో ప్రశ్న ఒకటే, ఈసారి ఎవరు అని. పన్నెండేళ్ళుగా పాఠం చెబుతున్న ఆమెను చూసి పిల్లలు భయపడటం అదే మొదలు.

"ఇంకొక్కరేనండీ మేడం," అన్నారు హరిప్రసాద్ గారు సాయంత్రం. "కవిత. మొన్నటి టెస్టులో అందరికంటే తక్కువ. రేపు ఫాదర్ని రమ్మన్నాను. ఇద్దరి విషయం అయింది కదా, మీకూ కాస్త అలవాటై ఉంటుంది." ఎత్తిపొడుపు కాదు. ధైర్యం చెబుతున్నానని అనుకునే అన్నారు.

డోర్కాస్ తల ఊపి బ్యాగు తీసుకుంది. బస్సులో కిటికీకి తల ఆనించి, రేపు రాములుకు చెప్పవలసిన మాటలు లోపల కూర్చుకుంది. అవే మాటలు, రెండుసార్లు చెప్పినవే. అయినా ఒక్కటీ కుదురుగా రాలేదు.

*

రాములు ఒక్కడే రాలేదు. వాళ్ళ ఊరినుంచి మరో ముగ్గురు ఆడపిల్లల తండ్రులూ, తల్లులూ వచ్చారు. ఆఫీసు గదిలోకి పిలిస్తే వెళ్ళలేదు. వరండాలో చెప్పులు విడిచి, గోడకానుకుని నేలమీద కూర్చున్నారు.

"కుర్సీలు వద్దు సార్," అన్నాడు రాములు. గొంతు పెద్దగా లేదు. "మేం గిక్కడనే ఉంటం. మా పిల్ల ఫీజు తీస్కుంటరా లేదా చెప్పుండ్రి. పోయిన వారం ఇద్దరిని తీసిండ్రు. గిప్పుడు మాది. రేపు వీళ్ళది. ఎవ్వల్ని అడిగి తీస్తున్నరు?"

"తీయడం ఏమిటండీ? అలాంటి మాటలు..." హరిప్రసాద్ గారు జేబురుమాలుతో మెడ తుడుచుకున్నారు. "ఎవరినీ తీయలేదు. తల్లిదండ్రుల అంగీకారంతోనే..."

"మా అంగీకారం లేదు."

తరగతి తలుపు తెరుచుకుంది. కవిత బయటికొచ్చి తండ్రి వెనకాల నిలబడింది. ఆమె వెనకే మిగతా పిల్లలంతా వచ్చారు. ఎవరూ అరవలేదు. నోటుపుస్తకాలు గుండెలకు హత్తుకుని, ఒకరి జబ్బలు ఒకరికి తగిలేలా నిలబడ్డారు. వరండా నిండిపోయింది. మెట్లెక్కి వచ్చిన ప్యూను చంద్రమ్మ దారి లేక అక్కడే ఆగిపోయింది.

"మేడం, మీరే చెప్పండి వీళ్ళకు," అన్నారు ప్రిన్సిపాల్.

అందరూ డోర్కాస్ వైపు తిరిగారు. మాటలు నోటిదాకా వచ్చాయి. ఈ ఏడు ఇడిచిపెట్టి, వచ్చే ఏడు... నాలుక మీదే ఉన్నాయి. కవిత మొహం పాలిపోయి ఉంది, కింది పెదవి పళ్ళతో నొక్కిపట్టింది. అందరూ ఉన్నారన్న ధైర్యం ఉన్నా, మేడం ఏమంటుందోనన్న భయం వదల్లేదు ఆ పిల్లను.

"రాస్తది," అంది డోర్కాస్.

"మేడం?"

"కవిత పరీక్ష రాస్తది సార్. నేను రాయిస్త. ఫెయిలయితే నన్ను అడగండి."

హరిప్రసాద్ గారు ఆమెను లోపలికి రమ్మన్నారు, తలుపు వేశారు. సెక్షను మార్చేస్తామన్నారు, ఇంక్రిమెంటు సంగతి యజమాని చూసుకుంటారన్నారు, పన్నెండేళ్ళ సర్వీసు గుర్తుంచుకోమన్నారు. అన్నింటికీ డోర్కాస్ "రాస్తది సార్" అనే అంది. అంతకంటే పెద్ద మాట అనడానికి ఓపిక లేదు. చివరికి ఆయనే అలిసిపోయి, సొరుగు తీసి మాత్ర వేసుకుని, కవిత ఫీజు తీసుకోమని గుమాస్తాకు చెప్పారు.

బయట పిల్లలు చప్పట్లు కొట్టారు. రాములు దండం పెట్టాడు. సాయంత్రం అతని భార్య సంచీ నిండా అనపకాయలు తెచ్చి స్టాఫ్‌రూమ్‌లో పెట్టిపోయింది. తోటి లెక్చరర్లు "అబ్బో, సమ్మె చేసినవే" అన్నారు. డోర్కాస్ నవ్వింది గానీ, ఆ నవ్వు మొహం మీద నిలవలేదు. వెళ్ళేముందు మళ్ళీ ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళింది.

"సార్, ఆ ఇద్దరిని గూడ రానియ్యండి."

మళ్ళీ యుద్ధమవుతుందనుకుని కుర్చీ వీపు గట్టిగా పట్టుకుని నిలబడింది. హరిప్రసాద్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"రానీయండి. లేటు ఫీజుతో గడువు ఉంది," అన్నారు. "ఒక మాట చెప్పనా మేడం? ఆ మొదటి అమ్మాయి... పేరేమిటి, అండాలు. ఆ రోజు మీరు ఒద్దండీ అని ఒక్క మాట అని ఉంటే నేను ఆగిపోయేవాణ్ణి. నాకూ ఇష్టమై చేస్తున్నది కాదు. మీరు ఏమీ అనలేదు. వాళ్ళమ్మా ఏమీ అనలేదు. దానంతటదే జరిగిపోయింది. అంత తేలిగ్గా జరిగింది కనుకనే రెండోదానికి వెళ్ళాను."

డోర్కాస్ కుర్చీ వీపు వదిలేసింది. పట్టుకోవలసిన అవసరం లేకపోయింది.

*

ఆ సాయంత్రం ఇంట్లో, అనపకాయలు ఒలుస్తూనే ఒళ్ళో స్లిప్ టెస్టు పేపర్లు పెట్టుకుంది. 'మెగ్నీషియం యొక్క వరుస అయనీకరణ శక్తులను వివరించుము.' మొదటి పేపరు చూసి ముచ్చటపడింది. రెండోది ఎందుకు ఎక్కువో, మూడోది ఎందుకు ఒక్కసారిగా పెరుగుతుందో చక్కగా రాసింది పిల్ల. చివర్న ఒక వాక్యం: 'మొదటి ఎలక్ట్రాన్ దానంతట అదే పోతుంది.'

ఎర్రపెన్ను ఆగింది. తర్వాతి పేపరు తీసింది. అందులోనూ అదే వాక్యం. దాని తర్వాతదీ అంతే. తప్పులు రాసే పిల్లలు, ఒప్పులు రాసే పిల్లలు, అందరూ ఆ వాక్యం మాత్రం పొల్లు పోకుండా రాశారు. పుస్తకంలో అలా లేదు. ఎక్కడా ఉండదు. ఏ పరమాణువూ తన ఎలక్ట్రాన్‌ను ఊరికే వదిలెయ్యదు. ఎంత బయట ఉన్నదైనా, ఎంత తక్కువ శక్తితోనైనా, ఎవరో ఒకరు బలం పెట్టి లాగితేనే వస్తుంది. అయినా పుస్తకంలో ఏముందని ఒక్క పిల్లా చూడలేదు. మేడం చెప్పింది, రాసుకున్నారు.

"ఏమైంది?" అన్నాడు కాలేబు, అన్నం కలుపుకుంటూ.

"తప్పు చెప్పిన."

"చిన్నదా పెద్దదా?"

డోర్కాస్ మళ్ళీ మొదటి పేపరు తీసింది. ఆ వాక్యాన్ని ఏ పేపరులోనూ కొట్టెయ్యలేకపోయింది, తప్పు వాళ్ళది కాదు కనుక.

మర్నాడు తరగతిలో మొదట ఆ పనే చేసింది. సునీత వచ్చేసింది. రాత్రే కబురందుకున్న మల్లేశ్వర్ పొద్దున్నే ఆటోలో దింపి, కిందనుంచే చెయ్యూపి పోయాడు. పిల్లలు ఇంకొంచెం ఇరుక్కుని ఆమెకు చోటిచ్చారు. డోర్కాస్ బోర్డు మీద మళ్ళీ ఆ పరమాణువునే గీసింది.

"మొన్న నేను చెప్పింది తప్పు. కొట్టెయ్యండి. మొదటిది గూడ దానంతటది పోదు. మనం గుంజితేనే వస్తది. తక్కువ బలంతోని వచ్చిందంటే, దానికి కేంద్రకం అక్కర లేదని కాదు."

"పరీక్షల వస్తదా మేడం?" అన్నది కవిత.

"వస్తది," అంది. ఆ మాట నిజమో కాదో ఆమెకు తెలియదు.

పిల్లలు కొట్టేశారు. రాసిన తప్పును అంత తేలిగ్గా కొట్టెయ్యగలిగినందుకు ఆమెకు పిల్లల మీద అసూయ కలిగింది.

మధ్యాహ్నం సెలవు చీటీ పెట్టి కిందికి దిగింది. మల్లేశ్వర్ ఆటో అక్కడే ఉంది. ఎక్కడికంటే, దుప్పట్ల షెడ్డుకంది. అతను డబ్బులొద్దన్నట్టు మీటరు మీద గుడ్డ కప్పేశాడు.

"అండాలు తల్లి గూడ గొట్లాడితే బాగుండె మేడం," అన్నాడు దారిలో. "నేను గొట్లాడిన. రాములన్న గొట్లాడిండు. గా దుర్గవ్వకు నోరు లేదు పాపం."

డోర్కాస్ బ్యాగు ఒళ్ళోకి లాక్కుంది. ఆటో పహాడీ షరీఫ్ రోడ్డుకు తిరిగింది. గుట్ట మీది దర్గాకు వెళ్ళే జనం పూల గంపల దగ్గర ఆగి ఉన్నారు. మల్లేశ్వర్ హారన్ కొట్టుకుంటూ దారి చేసుకున్నాడు.

రేకుల షెడ్డు. లోపల ఆవిరీ, సబ్బు వాసనా. విమానాల్లో ప్రయాణికులు కప్పుకునే దుప్పట్లు ఒకవైపునుంచి మురికిగా వచ్చి, ఇంకోవైపు ప్లాస్టిక్ కవర్లలో సీలై వెళ్తాయి. అండాలు పొడవాటి బల్ల ముందు నిలబడి ఉంది. తలకు గుడ్డ కట్టుకుంది. ఆరబెట్టే మిషన్లోంచి వేడిగా వచ్చిన దుప్పటిని రెండు చేతులా విదిలించి, బల్ల మీద పరిచి, అతుక్కున్న వెంట్రుకలను గోటితో ఏరి, సగానికి, మళ్ళీ సగానికి మడిచి, విమానం కంపెనీ గుర్తు పైకి వచ్చేలా తిప్పి పక్కకు తోస్తోంది. చేతులు ఎక్కడా ఆగడం లేదు.

"మేడం!" అంది. నిజంగానే సంతోషించింది. "గీడికొచ్చిండ్రేంది? కూసోనీకి గూడ ఏం లేదు."

"కూసోను. నీతోని మాట్లాడనీకొచ్చిన."

"మాట్లాడుండ్రి. చెయ్యి ఆపితే సూపర్‌వైజర్ ఒర్లుతడు."

డోర్కాస్ బ్యాగు బల్ల కింద పెట్టి, దుప్పటి అవతలి కొసలు పట్టుకుంది. అండాలు వద్దనలేదు. ఇద్దరూ సాగదీసి, కొసలు కలుపుకోవడానికి దగ్గరికి వచ్చారు. దుప్పటి చిటపటలాడింది, వేళ్ళకు జుమ్మని తగిలింది. డోర్కాస్ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"చలికాలం గద, గట్లనే గుంజుతది. రెండు దినాలైతే అలవాటైతది," అంది అండాలు. "సునీత వచ్చిందట గద మేడం. కవిత ఫోన్ చేసి చెప్పింది. మీరు సార్ మీదికి లేసిండ్రట."

"లెవ్వలే. రాస్తదన్న, గంతే." ఇంకో దుప్పటి తీసుకుంది. "అండాలూ, నువ్వు గూడ రావాలె. సార్ ఒప్పుకున్నడు. ఫీజు నేను కట్టిస్త. నువ్వు ఫెయిలవుతవని చెప్పిన గద మీ అమ్మకు, గది నాకు తెల్వకుండనే చెప్పిన. సార్ చెప్పుమంటే చెప్పిన. ఎవ్వలూ అడగలే, నేనూ ఆగలే."

అండాలు చేతులు ఆగాయి. సూపర్‌వైజర్ వైపు చూసి మళ్ళీ కదిలాయి.

"నాకెరుకనే మేడం."

"ఏం ఎరుక?"

"సార్ చెప్పిస్తున్నడని. సునీతకు, కవితకు, అందరికీ ఎరుకనే. మా అమ్మకే ఎరుకలేదు." వెంట్రుకొకటి గోటితో ఏరి పారేసింది. "మా అమ్మకు నోరు లేదంటరు అందరు. మీరు చూడలే గని, కాంట్రాక్టర్ తోని ఎట్ల గొట్లాడుతదో. సార్ చెప్తే గొట్లాడుతుండె మేడం. మీరు చెప్పిండ్రని ఊకున్నది. ఇంటికొచ్చి నాతోని అన్నది, డోర్కాస్ మేడం కడుపుల పెట్టుకొని చూస్తది, ఆమె వద్దన్నదంటే నీ మంచికే అని."

డోర్కాస్ దుప్పటి కొసలు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. ఆ తల్లి చాయ్ తాగకుండా గ్లాసులోకి ఎందుకు చూసిందో ఇన్నాళ్ళకు అర్థమైంది. తన మాట నమ్మడానికి ఆ మనిషికి ఎంత బలం కావలసి వచ్చిందో. ఆమెకు ఏడుపొచ్చింది. ఆవిరి వల్ల అన్నట్టు కొంగుతో మొహం తుడుచుకుంది.

"మీ అమ్మ ఎప్పుడొస్తది?"

"డ్యూటీ అయిపోయింది. బస్సు గీడనే ఆపుతది, వస్తుండొచ్చు."

"నేనే చెప్త ఆమెకు. తప్పయిందని చెప్త. నీ బిడ్డ ఫెయిలవుతదని అబద్ధం చెప్పినా అని చెప్త."

"వద్దు మేడం." అండాలు మొదటిసారి గట్టిగా అంది. బల్ల మీంచి వంగి డోర్కాస్ చెయ్యి పట్టుకుంది. చేతివేళ్ళు సబ్బుకు పగిలి గరుకుగా ఉన్నాయి. "గది చెప్పకుండ్రి. నేను వస్త, సోమవారం నుంచే వస్త. గని అమ్మకు చెప్పకుండ్రి. ఆమెకు గీ ఊర్ల నమ్మెటందుకు మీరొక్కలే ఉన్నరు. గవర్మెంటోళ్ళు ఫీజు గడువు పెంచిండ్రని చెప్పుండ్రి. సమ్మె అయింది గద, నమ్ముతది."

చెప్పుకుంటే బరువు దిగుతుందని దారి పొడవునా అనుకుంటూ వచ్చింది డోర్కాస్. ఆ పిల్ల దించుకోనివ్వలేదు.

గేటు దగ్గర స్టాఫ్ బస్సు ఆగిన చప్పుడైంది. ఆకుపచ్చ కోటు మడిచి చంకలో పెట్టుకుని దుర్గవ్వ లోపలికి వచ్చింది. బల్ల దగ్గర, చేతుల్లో దుప్పటితో డోర్కాస్‌ను చూసి గాభరాపడింది. "అయ్యో మేడం, మీరు గీ పని చేసుడేంది? ఇటియ్యండి," అని కొసలు తన చేతిలోకి తీసుకుంది.

డోర్కాస్ అండాలు వైపు చూసింది. ఆ పిల్ల తల వంచుకుని మడతపెడుతోంది.

"గడువు పెంచిండ్రు దుర్గవ్వా," అంది డోర్కాస్. బొంగురు గొంతు ఇంకా బొంగురుపోయింది. "సమ్మె అయింది గద. పోయిన పాఠాలు నేను చెప్త, అండాలు గూడ రాయొచ్చు. గది చెప్పిపోదామనే వచ్చిన."

దుర్గవ్వ మొహం విప్పారింది. చేతులు కొంగుకు తుడుచుకుని, డోర్కాస్ రెండు చేతులూ పట్టుకుంది.

"నేను అననే అన్న మేడం దీనితోని. ఎవ్వలు మరిచినా మీరు మరువరని."